కరెంటు అలకు కొలతలు

మన కదిరి దగ్గర నంబులపూలకుంటలో సోలార్ పార్కు ఉంది కదా. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్లు ఏసీగా మారుస్తాయి. అలాంటి కరెంటు అల ఎలా ఉందో కళ్లకు కట్టే పరికరం డిజిటల్ ఆసిలోస్కోప్.

అది వోల్టేజీని సమాన వ్యవధుల్లో కొలుస్తూ పోతుంది. 8 బిట్ల స్కోపులో ప్రతి కొలతా 256 మెట్లలో ఏదో ఒక అంకెగా మెమరీలో చేరుతుంది. అల తెరమీద నిలకడగా కనిపించడం, ప్రతిసారీ అలలో ఒకే చోటు నుంచి గీత మొదలయ్యేలా చూసే ట్రిగ్గర్ చలవ.

అసలు కిటుకంతా కొలిచే వేగంలోనే. మన కరెంటు అల సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సరిగ్గా 50 కొలతలే తీస్తే అన్నీ అలలో ఒకే చోట పడి, తెరపై చదునైన గీత వస్తుంది! 49 తీస్తే, సెకనుకు ఒక్కసారి ఊగే దొంగ అల పుట్టుకొస్తుంది. అందుకే సిగ్నల్‌లోని అత్యధిక పౌనఃపున్యానికి రెండింతలకు మించి కొలతలుండాలి. ఇన్వర్టరు లోపలి స్విచ్చులైతే సెకనుకు వేలసార్లు తెరుచుకు మూసుకుంటాయి. ఆ మెరుపు మార్పులు పట్టాలంటే సెకనుకు కోట్లసార్లు కొలిచే స్కోపే కావాలి.