చిక్కుల దారిన రెటీనా శస్త్రచికిత్స



మా గురువుగారి పేరిట జరిగే ఉపన్యాసం కనక విషయం కోసం నేను పెద్దగా తడుముకోలేదు. ఆపరేషన్ బాగా కుదిరిన కన్ను కన్నా చెడిన కన్ను దగ్గరే ఆయన ఎక్కువసేపు కూర్చునేవారు. అందుకే రెటీనా శస్త్రచికిత్స చరిత్రను ఈ సాయంత్రం దాని చిక్కుల వైపు నుంచి చెబుతాను. నా లెక్కలో ఆ చరిత్రను ముందుకు తోసినవి అవే.

డాక్టర్లు కానివారూ వచ్చారు కనక ఒక్క మాట. కంటి వెనక గోడకు లోపల అంటుకుని ఉండే పల్చటి నరాల పొర రెటీనా. దాని ముందు కంటిగుడ్డు నిండా ఉండే జిగురు విట్రియస్. వయసు మళ్లాక, దెబ్బ తగిలినప్పుడు, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నప్పుడు ఆ జిగురు పొరను పట్టి లాగి చిరుగు పెడుతుంది. చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే, చెమ్మ పట్టిన గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు పొర లేచిపోతుంది. రెటీనా ఊడిందని మనం అనేది దాన్నే.

1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపును లోకానికి చూపించాక డాక్టర్లు ఊడిన రెటీనాను కళ్లారా చూడగలిగారు. చూసి చేసిందేమీ లేదు. నెలల తరబడి పడుకోబెట్టారు, చెమటలు పట్టించారు, సూదితో నీరు తీశారు. 1912లో అమెరికాలో డెరిక్ వెయిల్ తోటి డాక్టర్లను ఆరా తీస్తే నయమైన కేసులు వెయ్యికి ఒకటి తేలాయి.

ఆ రోజుల్లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో జూల్ గోనాఁ అనే డాక్టరు చిరుగే రోగానికి మూలమని, దాన్ని మూస్తేనే రెటీనా అతుక్కుంటుందని పట్టుబట్టాడు. చిరుగు రోగం వల్ల వచ్చేదే గాని రోగానికి కారణం కాదని పెద్దలు కొట్టిపారేశారు. ఆయన పని తీరు చూడండి. కంటి లోపలంతా గంటల తరబడి వెతికి బొమ్మ గీసుకునేవాడు. చిరుగు ఎక్కడుందో లెక్కగట్టి, గుడ్డు పైన సరిగ్గా ఆ చోట గుర్తు పెట్టేవాడు. అక్కడ కత్తితో గాటు పెట్టి, ఎర్రగా కాల్చిన మొనను లోపలికి దించేవాడు. వాత పెట్టడమే! గురి తప్పితే చిరుగు చిరుగులాగే ఉండిపోయేది. గురి కుదిరినా రక్తం చిమ్మవచ్చు, మచ్చ ముడుచుకుని పక్కన కొత్త చిరుగు పడవచ్చు. 1929లో ఆమ్‌స్టర్‌డామ్ అంతర్జాతీయ మహాసభలో లోకం ఆయన మాట ఒప్పుకుంది. గోనాఁ 1935లో పోయాడు. మన శాస్త్రానికి అసలు మలుపు ఆయనే. తర్వాతి యంత్రాలన్నీ చిరుగు మూయాలన్న ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానాలు.

వాత చిక్కులను తప్పించుకోడానికి గుడ్డును బయటనుంచి నొక్కే పద్ధతి వచ్చింది. 1949లో జర్మనీలో కుస్టోడిస్ అనే డాక్టరు మొదలుపెట్టాడు, బోస్టన్‌లో ఛార్లెస్ షెపెన్స్ దాన్ని నిలబెట్టాడు. షెపెన్స్ బెల్జియం మనిషి. యుద్ధకాలంలో మారుపేరుతో ఫ్రాన్స్ సరిహద్దులో కోతమిల్లు నడుపుతూ, నాజీలకు చిక్కకుండా జనాన్ని కొండలు దాటించిన సాహసి. మనం తలకు తగిలించుకుని రెండు కళ్లతో రెటీనాను చూసే పరికరం ఆయనదే. ఆయన దగ్గర పనిచేసి వచ్చిన డాక్టర్ బద్రీనాథ్ 1978లో చెన్నైలో శంకర నేత్రాలయ స్థాపించారు. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లు రైలెక్కి వెళ్లిన ఆసుపత్రి అది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1987లో మొదలైంది. ఇక గుడ్డు చుట్టూ బెల్టు వేసి నొక్కే పద్ధతికి దాని చిక్కులు దానికున్నాయి. మైనస్ పవర్ పెరుగుతుంది, కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, ఏళ్ల తర్వాత బెల్టు చీము పట్టి బయటపడవచ్చు.

విట్రియస్‌ను ముట్టుకుంటే కన్ను పోయినట్టేనని మాకు ముందు తరానికి పాఠం. మయామీలో కాస్నర్ అనే డాక్టరు దాన్ని తీసేసినా కన్ను బతుకుతుందని చూపించాడు. అది చూసిన రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు తన ఇంటి గరాజులో చిన్న డ్రిల్లుతో కోడిగుడ్డు తెల్లసొన లాగి చూశాడు. 1970లో మనిషి కంట్లో, మధుమేహంతో ఏళ్లుగా రక్తం నిలిచిపోయిన కంట్లో, ఆ పనే చేశాడు. విట్రెక్టమీ అలా పుట్టింది. అంతవరకూ చేతులెత్తేసిన కళ్లకు అది దారి చూపించింది. దానికీ వెల ఉంది. యాభై దాటినవారిలో చాలామందికి రెండేళ్లలోపే శుక్లం వస్తుంది.

తీసేసిన జిగురు స్థానంలో ఏదో ఒకటి నింపాలి. సిలికాన్ ఆయిల్‌ను విట్రెక్టమీకి ముందే 1962లో డాక్టర్ సిబిస్, గ్యాస్‌ను 1970లలో డాక్టర్ నార్టన్ ప్రచారంలోకి తెచ్చారు. ఆయిల్ ఎక్కువకాలం ఉంటే చిన్న చిన్న బొట్లుగా విరిగి కంట్లో ఒత్తిడి పెంచుతుంది. అందుకే మళ్లీ ఆపరేషన్ చేసి తీస్తాం. గ్యాస్ పెట్టిన రోగికి చూపులో నీటిమట్టంలాంటి గీత కదులుతూ కనిపిస్తుంది, రోజులు గడిచేకొద్దీ కిందికి దిగుతుంది. ఆ గీత పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. పైన గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బితే రెటీనాకు రక్తం ఆగి చూపు పోతుంది. డాక్టర్ని అడగకుండా తిరుమల కొండ కూడా ఎక్కొద్దు. స్వామి ఆగుతాడు, బుడగ ఆగదు.

వీటన్నిటికీ లొంగని చిక్కు మరొకటుంది. ఊడిన రెటీనాలు నూటికి అయిదారు, ఒక్కోసారి పది దాకా, అతికించినా మళ్లీ ఊడతాయి. చిరుగులోంచి రాలిన కణాలు పొర మీద పల్చటి తెట్టులా పెరిగి దాన్ని ముడుస్తాయి. పీవీఆర్ అని 1983లో పేరు పెట్టాం. పేరు పెట్టి నలభై ఏళ్లు దాటింది, ఆపే మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు.

ఈ సభలోని కుర్ర డాక్టర్లకు నాదొకటే విన్నపం. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల సంతకం తీసుకునే కాగితం ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఉంది. శుక్లం, ఒత్తిడి, మళ్లీ ఊడడం, రెండో ఆపరేషన్, గ్యాస్ పెట్టాక బోర్లా పడుకోవలసిన రోజులు, విమానం సంగతి, ఇవన్నీ పెద్దక్షరాల తెలుగులో అచ్చు వేయించండి. రోగికి చూపు ఆననప్పుడు పక్కనున్నవాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం అడగండి.