గిడుగువారి నిదానం

రోజుకు ఎన్ని పనులు ముగించామన్నదే కొలత అయితే, గిడుగు రామమూర్తి పంతులుగారు చాలా రోజుల్లో వెనకబడ్డట్టే లెక్క. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఆయన బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవడం పంతొమ్మిదో శతాబ్దంలోనే మొదలుపెట్టారు. ఆ భాషకు అప్పటికి సొంత లిపి లేదు. మాట్లాడేవాళ్ల నోట విని, రాసుకుని, మళ్లీ వాళ్లనే అడిగి సరిచూసుకోవాలి. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1863లో పుట్టిన మనిషికి అప్పటికి డెబ్బయ్యైదేళ్లు! తొందరపడితే పుస్తకం ముందే వచ్చేదేమో గాని, ఒక మాటను పదిమంది నోట వినే వ్యవధి దొరికేది కాదు. నిఘంటువుకు విలువ తెచ్చేది ఆ వ్యవధే.

ఆ రోజులు వేరు, ఇప్పుడు సాయంత్రానికల్లా పని అప్పజెప్పకపోతే ఉద్యోగం ఉంటుందా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే ఆయనకూ జీతమిచ్చేది బడే. సవర భాష దానికి అదనం. వాడుక భాష కోసం పోరాడిందీ, 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టిందీ సవర భాష పని సాగిన ఏళ్లలోనే. నిదానం పేరుతో వాయిదా వేసేవాళ్లూ ఉంటారు, కాదనను. తేడా తెలిసేది మధ్యలో ఏం చేతికొచ్చిందో చూస్తేనే. పంతులుగారు నిఘంటువు పూర్తయ్యేదాకా ఆగలేదు. సవర పిల్లలకు వాచకాలు ముందే రాసిపెట్టారు.