వరుస పెట్టెలలో శబ్దవిభజనము



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి పద్యము వినుట యొకరు నేర్పనక్కరలేదు. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామవిలాస సభలో స్త్రీపాత్రలు ధరించి పేరొందిరి. 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. వారు రంగమెక్కిన తొలిదినములలో కడపటి వరుసకు మాట చేరవలెనన్న నటుని కంఠమే దిక్కు. నేడు పందిటికి ఇరువైపుల పెట్టెలు వ్రేలాడుచున్నవి, ఊరెల్ల మ్రోగుచున్నది. అయినను నా యీడువారు పలువురు "చప్పుడు వినబడుచున్నది గాని మాట పట్టుబడుట లేదు" అనుచుందురు. ఇందుకు మన చెవులు కొంత కారణమే. వయస్సు మీరినకొలది హెచ్చు శ్రుతి ధ్వనులే ముందుగా వినికిడి నుండి తొలగును. కాని తప్పంతయు చెవులది కాదు.

గడచిన శ్రీరామనవమికి మా యూరి యువకులు ప్లైవుడ్డు కోసి, స్పీకర్లు కొని తెచ్చి, పెట్టెలను తామే చేసిరి. ఒక్కొక్క ప్రక్క నాలుగేసి పెట్టెలను నిలువుగా ఒకదాని క్రింద నొకటి వ్రేలాడదీసిరి. దీనిని లైన్ అరే అందురు. ఫ్రాన్సులో క్రిస్టియన్ హైల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1992లో వి-డాస్క్ అను పేర నిట్టి వరుసను వెలువరించిన పిమ్మట ఈ పద్ధతి లోకమున వ్యాపించినది. ఒంటిపెట్టె ధ్వని ఆరుబయట దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెల్లులు తగ్గును. నిలువు వరుస ధ్వని కొంతదూరము వరకు 3 మాత్రమే తగ్గును. ఆ కొంతదూరము వరుస పొడవును బట్టియు, శ్రుతిని బట్టియు నుండును. నాలుగు పెట్టెల పొట్టివరుస మంద్రధ్వనుల విషయమున గొప్ప మేలేమియు చేయదు.

ఆ రాత్రి హరికథలో శివధనుస్సు నాకు "ఇవధనుస్సు"గా వినబడినది. శకార షకారములకు భేదము చెప్పి జీతము తీసికొన్నవాడను; అసలు శకారమే లేకపోయిన నేమి చేయుదును?

తెనాలిలో రేడియోలు బాగుచేయు నా పూర్వశిష్యుడొకడు పెట్టె విప్పి చూచెను. పెట్టెలో పెద్ద స్పీకరు మంద్రధ్వనులకు, ట్వీటరను చిన్నది తారధ్వనులకు నుద్దేశింపబడినవి. విద్యుత్తును వీనికి పంచిపెట్టునది క్రాసోవరు. మన భాషలో అచ్చుల బలము క్రింది శ్రుతులలోను, ఊష్మముల సవ్వడి, స్పర్శముల విరుపు పై శ్రుతులలోను హెచ్చుగా నుండును. పంపకము చెడినచో అచ్చులు మిగిలి హల్లులు పోవును.

పంపకము రెండు విధములు. యాంప్లిఫయరు నుండి వచ్చిన బలమైన విద్యుత్తును స్పీకర్ల ముంగిట కాయిలుతోను, కండెన్సరుతోను పంచుట పాసివ్ పద్ధతి. కాయిలు మంద్రమును పోనిచ్చును. కండెన్సరు తారమును పోనిచ్చును. యాంప్లిఫయరునకు ముందే, విద్యుత్తు బలహీనముగా నున్నప్పుడే పంచి, ఒక్కొక్క భాగమునకు వేరు యాంప్లిఫయరు నిచ్చుట యాక్టివ్ పద్ధతి.

మా పిల్లలు కొన్నది 8 ఓముల స్పీకరు ఒక్కదానికి తగిన పాసివ్ క్రాసోవరు. 2000 హెర్ట్జ్ వద్ద విభజించుటకు అందు 10 మైక్రోఫారడ్ కండెన్సరు, 0.64 మిల్లీహెన్రీ కాయిలు కలవు. లెక్క సరియే. కాని వారు బలము చాలదని పెట్టె కొకటింటికి రెండేసి పెద్ద స్పీకర్లు, రెండేసి ట్వీటర్లు జంటగా కలిపిరి. 8 ఓములు 4 ఓములైనవి. దానితో పెద్ద స్పీకర్లు 1000 వద్దనే వెనుదీయసాగినవి; ట్వీటర్లు 4000 దాక పూర్తిగా ముందుకు రావు. నడుమ, 2000 వద్ద, సుమారు 8 డెసిబెల్లుల గుంట పడినది. హల్లులు పడిపోయినది ఆ గుంటలోనే. ధ్వని హెచ్చించినను గుంట గుంటగానే యుండును. చుట్టునున్న చప్పుడు మాత్రము పెరుగును.

"మాస్టారుగారూ, కండెన్సరు రెట్టింపు, కాయిలు సగము చేసిన సరిపోవును" అని వాడు 20 మైక్రోఫారడ్ కండెన్సర్లు వేసి, కాయిళ్లను 0.32కు మార్చెను. మరునాటికి శకారము తిరిగి వచ్చినది.

అయిన పాసివే చాలునా? ఒకటి రెండు పెట్టెలకు చాలునని నా యభిప్రాయము. ఖర్చు తక్కువ, తీగెలు తక్కువ. వరుసకు వచ్చునప్పటికి చిక్కు కలదు. పెట్టెలన్నియు ఒక్క గొంతుతో పలికిననే వరుస వరుసయగును. చేతితో చుట్టిన కాయిళ్లు, నూటికి పది యిరువది వంతులు తేడా గల కండెన్సర్లు పెట్టెపెట్టెకు విభజనస్థానమును మార్చును. పైగా స్పీకరులోని రాగితీగె 100 డిగ్రీలు వేడెక్కిన నిరోధము నూటికి సుమారు 39 వంతులు పెరుగును. సాయంకాలమున్న విభజనము అర్ధరాత్రి కుండదు. యాక్టివ్ పద్ధతిలో ఈ మార్పు విభజనస్థానమును కదల్పదు. ఇప్పటి డిజిటల్ యంత్రములలో ఆలస్యమును గూడ దిద్దవచ్చును. ట్వీటరు 34 సెంటీమీటర్లు వెనుకబడిన దాని ధ్వని సెకండులో వెయ్యవవంతు ఆలసించును. ముందున్నదానిని అంత ఆపినచో రెండును కలియును.

యాంప్లిఫయర్లు రెట్టింపు కావలెను. తీగె మారి మంద్రభాగము ట్వీటరునకు చేరినచో నది నిమిషములో మాడును. అందుచేత యాక్టివ్ పెట్టినను ట్వీటరుకు ముందు ఒక పెద్ద కండెన్సరు కావలిగా నుంచుమని నా శిష్యుడు పిల్లలకు చెప్పియున్నాడు.

ప్రస్తుతము మార్చిన పాసివ్ క్రాసోవర్లతోనే మా పెట్టెలు పలుకుచున్నవి. యాంప్లిఫయర్లకు చందాలు పోగగుచున్నవి. నా వంతు నేనిచ్చితిని.