పులికాట్ ఎదుట సముద్రం: దిద్దుకోగల తప్పు, దిద్దుకోలేని తప్పు



బాలగోపాల్ తిరుపతిలో చదువుకున్నారు. గణితం బోధించారు, పౌరహక్కుల కోసం ఊరూరా తిరిగారు, ఆఖరి ఏళ్లలో న్యాయవాదిగా పేదల కేసులు వాదించారు. 2009 అక్టోబర్ 8న మనకు దూరమయ్యారు. ఏ ఘటన మీదైనా అభిప్రాయం చెప్పేముందు అక్కడికి వెళ్లి నిజనిర్ధారణ చెయ్యాలన్నది ఆయన పద్ధతి. ఆయన స్మృతిలో మాట్లాడేవాళ్లు కనీసం ఆ పద్ధతినైనా పాటించాలి. అందుకే ఈ సాయంత్రం నినాదాలతో కాకుండా, జరిగిన సంగతులతో మొదలుపెడతాను.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటితోపాటు శ్రీహరికోట, పులికాట్ సరస్సు, వాటి ముందున్న బంగాళాఖాతం కూడా వచ్చాయి. కరువుకూ బోరుబావులకూ పేరుపడ్డ ప్రాంతానికి సముద్రం దక్కింది. ఆ సముద్రంతో ఏం చెయ్యాలన్న చర్చ మాత్రం మన ఊళ్లలో ఇంకా మొదలు కాలేదు. ప్రపంచమంతటా ఇవాళ తీరప్రాంతాల ముందు రెండు దారులున్నాయి: సముద్రగర్భంలో చమురు కోసం తవ్వడం, సముద్రం మీది గాలితో కరెంటు తియ్యడం. మొదటిది చెడ్డది, రెండోది మంచిది అని తేల్చేసి ఇంటికి వెళ్లొచ్చు. నా వాదన అది కాదు. రెండింటిలోనూ తప్పులు జరుగుతాయి. గాలి విషయంలో జరిగిన తప్పును దిద్దుకోవచ్చు. చమురు విషయంలో జరిగిన తప్పును దిద్దుకోలేం. మన తీరం ఏ దారి పట్టాలో ఈ తేడానే నిర్ణయించాలి.

చమురు, గ్యాస్ ఏమిటో తెలుగువాళ్లకు మెక్సికో సింధుశాఖ చెప్పనక్కర్లేదు, కోనసీమ చెప్పింది. 1995 జనవరి 8న అమలాపురం దగ్గర పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావిలో బ్లోఅవుట్ జరిగింది. లోపలి పీడనాన్ని అదుపు చెయ్యాల్సిన ఏర్పాట్లు విఫలమై గ్యాస్ ఎగదన్నింది, అంటుకుంది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు, విదేశీ నిపుణులను రప్పించారు, మార్చి 15కి గానీ అదుపులోకి రాలేదు. కొబ్బరితోటల మధ్య, రోడ్డు పక్కన, యంత్రాలూ నీళ్లూ మనుషులూ క్షణాల్లో చేరగల చోట జరిగిన ప్రమాదానికే రెండు నెలలకు పైగా పట్టిందని గుర్తుపెట్టుకోండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తమ ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు. ఇక మెక్సికో సింధుశాఖలో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలినప్పుడు 11 మంది కార్మికులు చనిపోయారు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశం, అత్యాధునిక సాంకేతికత చేతిలో ఉండి కూడా, సముద్రం అడుగున చమురు కారడాన్ని ఆపడానికి 87 రోజులు తీసుకుంది.

ఇవన్నీ అరుదైన ప్రమాదాలనీ, వేల బావులు ఏ హానీ లేకుండా నడుస్తున్నాయనీ చమురు కంపెనీలు అంటాయి. నిజమే, అరుదే. కానీ అరుదన్న మాట ఎవరికి ఊరటనిస్తుంది? వేల బావులున్న కంపెనీకి ఒక ప్రమాదం లెక్కల్లో చిన్న శాతం. ఒకే సరస్సు ఉన్న ఊళ్లకు అది నూటికి నూరు. పులికాట్ దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు తక్కువ. ముఖద్వారాల గుండా వచ్చిపోయే సముద్రపు నీటి మీదే రొయ్య, చేప, పీత, వాటి మీద బతికే మత్స్యకారులు, యానాదులు, శీతాకాలంలో వచ్చే రాజహంసలు, నేలపట్టులో గూళ్లు కట్టుకునే గూడబాతులు, అన్నీ ఆధారపడి ఉన్నాయి. ఆ ద్వారాలు ఇసుకతో పూడుతుంటేనే బతుకులు కుదేలవుతున్నాయి. అలాంటి నీటిలోకి చమురు తెట్టు చేరితే తోడి పోసే మార్గం లేదు.

అది ఊహ కాదు. 2017 జనవరి 28న ఎన్నూరు ఎదుట రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది. చెన్నై తీరంలో జనం బకెట్లతో తెట్టు తోడిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆ తెట్టు ఎక్కువగా దక్షిణానికి సాగింది, ఎందుకంటే ఈశాన్య రుతుపవన కాలంలో మన తీరపు ప్రవాహం దక్షిణ దిశగా ఉంటుంది. ఫిబ్రవరి తర్వాత ఆ ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. అదే ఓడలు మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఢీకొని ఉంటే ఆ చమురు దారి పులికాట్ వైపు, శ్రీహరికోట వైపు ఉండేది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వరదలప్పుడు ఎన్నూరు కాలువలోకి మళ్లీ రిఫైనరీ చమురు చేరి, పడవలూ వలలూ నల్లబడ్డాయి. పులికాట్‌కు దక్షిణాన పొరుగునే ఇంత జరిగింది.

ఇక్కడ చాలామంది గమనించని ఒక సంగతి చెప్పాలి. పాలార్-పెన్నార్ బేసిన్‌లో మన తీరానికి ఎదురుగా ఉన్న ఒక సముద్ర బ్లాకును చమురు అన్వేషణ కోసం కేంద్రం కెయిర్న్ కంపెనీకి ఇచ్చింది. అక్కడ తవ్వకం ఏళ్ల తరబడి ఆగింది. ఆపింది పర్యావరణ శాఖ కాదు, మత్స్యకారుల సంఘాలు కాదు. రాకెట్లు ఎగిరే దారిలో రిగ్గులు ఉండకూడదన్న అంతరిక్ష శాఖ అభ్యంతరం ఆపింది. అంటే ఈ సముద్రాన్ని ఇంతకాలం కాపాడింది మన చైతన్యం కాదు, శ్రీహరికోట. అక్కడి రాకెట్ కేంద్రం షార్ కోసం దీవిని వదిలి వెళ్లాల్సివచ్చిన యానాదుల త్యాగాన్ని కూడా ఈ మాటతోపాటే తలుచుకోవాలి. ఒక శాఖ అభ్యంతరం రేపు సడలిపోవచ్చు. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండలేం.

ఇక గాలి. రాయలసీమకు గాలిమర కొత్త కాదు. తిరుమల కొండల మీద కాకులకొండ గాలిమరలు భక్తులకు తెలిసినవే. 1990లలో రామగిరి కొండల మీద మరలు వెలిశాయి. ఇవాళ రాష్ట్రంలో సుమారు 4,000 మెగావాట్ల పవన విద్యుత్ సామర్థ్యం ఉంటే, అందులో అత్యధిక భాగం అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలదే. ఈ చరిత్రలో గర్వించాల్సింది ఉంది, తలదించుకోవాల్సిందీ ఉంది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి 1990ల నుంచి బంజరు కొండలను కాపాడి కల్పవల్లి అనే అడవిని మళ్లీ మొలిపించారు. గొర్రెలకు మేత, చెరువులకు నీళ్లు, ఈతచెట్లు, బోదగడ్డి అన్నీ తిరిగి వచ్చాయి. ఆ కొండల మీదికే పవన విద్యుత్ కంపెనీ వచ్చింది. రికార్డుల్లో అది బంజరు. మరలు ఎక్కించడానికి కొండలు తొలిచి రోడ్లు వేశారు, చెట్లు పోయాయి, మట్టి జారి వాగుల్లో పడింది. ఊళ్లవాళ్లు 2013లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాతావరణ మార్పును ఆపడానికి పెట్టిన మరలు, వాతావరణాన్ని కాపాడుతున్న అడవినే కొరికాయి. కర్నూలు ప్రాంతపు గడ్డిభూముల్లో బట్టమేకపిట్ట కనుమరుగవుతుంటే, అందుకు కారణాల్లో హైటెన్షన్ తీగలు కూడా ఉన్నాయి. గాలి కరెంటును సమర్థించేవాళ్లు ఈ సంగతులు దాచకూడదు. దాస్తే రేపు పులికాట్‌లో రాజహంసల గురించి మాట్లాడే అర్హత పోతుంది.

అయినా రెండు తప్పులూ ఒకటి కావు. కల్పవల్లిలో పోరాడితే రోడ్డు దారి మార్చవచ్చు, కోతపడిన వాలు మీద మళ్లీ మొక్కలు నాటవచ్చు, మర పాతబడితే దించవచ్చు. ప్రపంచంలో మొదటి సముద్ర పవన క్షేత్రం డెన్మార్క్‌లోని విండెబీ. 1991లో 11 మరలతో, దాదాపు 5 మెగావాట్లతో మొదలైంది. 2017లో ఆ మరలన్నిటినీ విప్పి ఒడ్డుకు తెచ్చారు. విండెబీ సముద్రంలో ఇవాళ వెతికినా మర కనపడదు. చమురు ఒలికిన తీరాన్ని మాత్రం అంత సులువుగా పాత స్థితికి తేలేం.

దేశం ముడిచమురులో నూటికి ఎనభైకి పైగా దిగుమతి చేసుకుంటోంది, సొంతంగా తవ్వకపోతే ఎలా అని అడుగుతారు. గట్టి ప్రశ్నే. లారీలు, ట్రాక్టర్లు, పడవలు రేపే గాలితో నడవవు. కానీ సొంత నిక్షేపాలే భరోసా అన్న మాటను మన రాష్ట్రం ఒకసారి నమ్మి చూసింది. 2009లో కేజీ బేసిన్ డీ6 నుంచి గ్యాస్ మొదలైనప్పుడు, దాని మీద ఆశతో కట్టిన విద్యుత్ ప్లాంట్లు, ఉత్పత్తి పడిపోయాక 2013 నాటికి గ్యాస్ లేక మూలపడ్డాయి. వాటి కోసం తెచ్చిన అప్పులు మాత్రం మిగిలాయి. గాలి కూడా ఆగుతుంది కదా అంటారు. ఆగుతుంది, కానీ రేపు మళ్లీ వీస్తుంది. మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే ప్లాంటు నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టారు. ఇక సముద్రంలో గాలి ఖరీదైనదన్నది నిజం. 2024లో కేంద్రం గుజరాత్, తమిళనాడు తీరాల్లో 1,000 మెగావాట్ల కోసం 7,453 కోట్ల రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఆ మొదటి జాబితాలో ఆంధ్ర లేదు. మన తీరంలో రాకెట్ కేంద్రం ఉంది, పక్షులున్నాయి, వేట ఉంది. కాబట్టి పులికాట్ ఎదుట రేపే మరలు పెట్టండని నేను అడగను. పెడితే చర్చకు తావుంటుందంటున్నాను.

మెట్టప్రాంతపు మదనపల్లె, పుంగనూరు రైతుకు ఈ సముద్రంతో పనేమిటి? 2021 నవంబర్‌లో చెన్నైకి దక్షిణాన తీరం దాటిన వాయుగుండం తిరుపతి వీధులను ముంచింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించింది. ఆ వానలకే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఒక్క వానను పట్టుకుని ఇది వాతావరణ మార్పే అనడం శాస్త్రం కాదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుందన్నది శాస్త్రమే. వేడెక్కే బంగాళాఖాతం మన చెరువుకట్టల సమస్య.

ఇక్కడ చట్టం చేసిన అన్యాయం ఒకటుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ చమురు, గ్యాస్ అన్వేషణను పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని వర్గంలో చేర్చింది. గాలిమరలకైతే ఆ నిబంధన ముందునుంచీ లేదు. ప్రమాదకరమైన దానికీ, మేలైన దానికీ, రెండింటికీ ఊరివాళ్లను అడగనవసరం లేదన్నమాట. కాకరాపల్లిలో, సోంపేటలో థర్మల్ ప్లాంట్లు వద్దని పోరాడిన జనం ప్రాణాలు పోగొట్టుకున్నది వాళ్ల మాటను ఎవరూ పట్టించుకోకపోవడం వల్లే.

కాబట్టి ఈ సభ నుంచి నేను కోరేది ఇది. పులికాట్ ఎదుటి సముద్రాన్ని చమురు బ్లాకుల వేలం నుంచి శాశ్వతంగా మినహాయించమని, 2020 సవరణను వెనక్కి తీసుకోమని, సముద్రంలోనైనా కొండమీదైనా గాలిమరకు ముందు గ్రామసభ, మత్స్యకార సహకార సంఘం అనుమతి తప్పనిసరి చెయ్యమని తడ, సూళ్లూరుపేట, వాకాడు మండలాల పంచాయతీలు తీర్మానాలు చెయ్యాలి. వాటికి తిరుపతి, చిత్తూరు పట్టణాల్లోని విద్యావంతులు మద్దతుగా నిలబడాలి. వేలం ప్రకటన వచ్చాక మేల్కొంటే కోర్టులే దిక్కు. ఇప్పుడే మేల్కొనండి.