కార్బురేటరు కారుచున్నచో
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన బళేపేట సందులలో క్రింద అంగడి, మీద కాపురము. ఇట్టిచోట నిలిపిన బండినుండి పెట్రోలు కారుట చిన్న విషయము కాదు. దాని ఆవిరి గాలికన్న బరువైనది. నేలబారున ప్రాకి, దూరముననున్న నిప్పునైనను అందుకొనగలదు.

2020 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనలతో క్రొత్త ద్విచక్ర వాహనములలో కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. కాని మన ఇండ్లలోని పాత స్కూటర్లయందును, యువకులు తోటలలో నడుపు నాలుగు చక్రముల క్వాడ్ బైకులు పెక్కింటియందును అది నేటికిని కలదు.

దాని పని సులభముగా గ్రహింపవచ్చును. గిన్నెలో పెట్రోలు నిండగానే ఫ్లోటు పైకి తేలి, సూదిని నెట్టి, దారిని మూయును. ఓవర్‌ఫ్లో గొట్టమునుండి కారినచో లోపము ఫ్లోటుదో, సూదిదో. గిన్నె అతుకునుండి కారినచో గాస్కెట్టుది.

ఇంజను చల్లారిన పిదప, ఆరుబయట, నిప్పుకు దూరముగా, పెట్రోలు కుళాయి కట్టి గిన్నెను విప్పుడు. ఫ్లోటును చెవియొద్ద ఊపి చూడుడు. లోపల పెట్రోలు కదలినచో మార్పుడు. సూదిమొనపై గాడి పడియున్నచో దానినిని మార్పుడు. సూది కూర్చుండు చోట నలుసున్నచో గుడ్డతో తుడువుడు, తీగతో గీకవలదు. ఈ విడిభాగములు మనకు చేరువనున్న జె.సి. రోడ్డు అంగళ్లలో లభించును. ఇంజను ఆయిలు పెట్రోలు వాసన కొట్టినచో, దానిని మార్చనిదే బండి నడుపరాదు.

చేతగానివారు మేస్త్రీకి అప్పగింపవచ్చును. అంతవరకు మాత్రము కారుచున్న బండిని మెట్లక్రింద నిలుపవలదు. మీది కాపురములవారు దిగివచ్చుటకు ఉన్న దారి అదియొక్కటే.