పండుగకు ముందే పని పంచుకుందాం



మన సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. చుట్టరికాలు మాత్రం ఎల్లకు అటూ ఇటూ ఉన్నవి. అందుచేత సంక్రాంతికి రెండు వైపుల చుట్టాలూ వస్తారు. భోగి మొదలు నాలుగు రోజులు పొయ్యి ఆరదు. ఆ పొయ్యి దగ్గర నిలబడేది ఒక్క ఇల్లాలే.

ధనుర్మాసం పట్టగానే ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోండి. వచ్చేవాళ్లెందరు? బియ్యం, బెల్లం, నూనె ఎంత కావాలి? బట్టలకెంత? చేతిలో ఉన్నదానికి మించితే ఖర్చు తగ్గించండి. విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మీద మాత్రం చెయ్యి వెయ్యవద్దు. పండుగకని అమ్మిన విత్తనం అదునునాడు అప్పు చేసి కొనవలసి వస్తుంది.

వానలు తెరిపి ఇవ్వగానే ఇల్లు దులపడం, సున్నం కొట్టడం మగవాళ్లు ముగించండి. అరిసెలు, మురుకులు నాలుగు రోజులు ముందే వండి, బాగా చల్లారిన తరువాత మూత బిగించిన డబ్బాలో పెట్టండి, మెత్తబడవు. అంగడి పని పెద్ద పిల్లలకు అప్పగించండి.

కనుమనాడు పశువుకు పొంగలి పిడికెడు చాలు. ప్రేమకొద్దీ తట్టెడు పెడితే కడుపు పులిసి ప్రాణం మీదికి వస్తుంది.

పండుగ అందరిదీ. ఈసారి భోగిమంట దగ్గర ఇల్లాలు కూడా తీరికగా కూర్చునేటట్టు చూడండి.