పేరా, బతుకా?

మన కృష్ణపట్నం పక్కనుంచే బకింగ్‌హామ్ కాలువ పోతుంది కదా. పేరుకు క్రైస్తవుడు వేరు, నిజమైన శిష్యుడు వేరు. ఈ కాలువకు ఆ తేడా తెలుసు.

1876లో ధాత కరువు మొదలైంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఈ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చారు, కూలి ఇచ్చారు. చాలామంది బాప్తిస్మం కూడా అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఎందుకని? కూటి కోసం వచ్చే విశ్వాసం పేరుకే మిగులుతుందని ఆయన భయం. కరువు తగ్గాక కూడా జనం వచ్చారు. అప్పుడే ఇచ్చారు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మందికి.

అయితే నీళ్లలో మునగడం మొదలు మాత్రమే. మునిగి లేచాక బతుకెలా ఉంది? చేపలు తూచే కాటా సరిగ్గా ఉందా? కూలివాడి డబ్బు సాయంత్రానికి చేతికందిందా? పొరుగింట్లో పొయ్యి వెలగకపోతే మనకు తెలిసిందా?

ఆదివారం చర్చిలో కనిపించిన మనిషే సోమవారం రేవులోనూ కనిపించాలి. పేరు కాదు, బతుకు ముఖ్యం. ఈ వారం ఆ ఒక్కటీ చూసుకుందాం.